‘పని చేస్తూ’, ‘పని వల్ల’: దుకాణ కార్మికులపై దాడులు – తెలుగు వార్తాభాష, నష్టపరిహార న్యాయం

వ్యాససంగ్రహం

దుకాణాలలో, పెట్రోలు బంకులలో పనిచేసేవారిపై జరుగుతున్న దాడులను తెలుగు వార్తాభాష ఏ పదాలతో, ఏ వాక్యనిర్మాణంతో చెబుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దాడిలో గాయపడిన లేదా మరణించిన కార్మికునికి నష్టపరిహారం దక్కాలంటే ఆ గాయం పని చేస్తుండగా తగిలిందని మాత్రమే చూపితే చాలదు, పని వల్ల తగిలిందని కూడా చూపాలి. మన వార్తావాక్యాలు మొదటి అంశాన్ని శత్రర్థక క్రియతో సరిపెట్టి రెండవదానిని వదిలివేస్తున్నాయి. ఈ లోపం వల్ల కలిగే నష్టాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, అమెరికాలలోని ఘటనల ఆధారంగా వివరించే ప్రయత్నం ఇది.

కీలకపదాలు: దుకాణ కార్మికులు, పనిచోటి హింస, నష్టపరిహారం, వార్తాభాష, శత్రర్థకం, ప్రమాదం, కోనసీమ

1. ఉపోద్ఘాతం

ఈ పరిశీలనకు మూలం నేను స్వయంగా రాసిన ఒక అర్జీ. ఐనవిల్లికి చేరువలోని ఒక దుకాణంలో సరుకు తూచి ఇచ్చే యువకుణ్ణి, పాతబాకీ అడిగినందుకు, ఒక ఖాతాదారు తూకం రాయి విసిరి కొట్టాడు. కుడిచేతి చూపుడువేలు విరిగింది. ఐదు వారాలు పనిలోకి వెళ్లలేదు, ఆ ఐదు వారాల జీతమూ లేదు. తెలుగు చెప్పుకొనే మనిషిని గనుక అర్జీ రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చారు. నేను రాసిన వాక్యం ఇది: “సదరు వ్యక్తికి, నాకు మధ్య పాతబాకీ విషయమై గొడవ జరిగి, ఆ సందర్భములో నా కుడిచేతికి దెబ్బ తగిలినది.”

వ్యాకరణరీత్యా దానిలో దోషం లేదు. ఆ అర్జీ అధికారుల వరకు చేరలేదు. రాజీకి కూర్చున్న పెద్దలు ముందు దాన్నే చదివారు. “ఇద్దరూ గొడవపడ్డామని నువ్వే రాయించావు కదా” అన్నారు. దుకాణం యజమాని కూడా అదే వాక్యాన్ని పట్టుకొని, అది వారిద్దరి సొంత తగాదా అనీ, తన వ్యాపారానికి సంబంధం లేదనీ తేల్చివేశాడు. ఆ బాకీ మాత్రం యజమానిదే. అడగమని పంపినవాడూ ఆయనే.

ఆ వాక్యంలో ఏది తప్పిందో తెలుసుకోవడానికి కొంతకాలం పట్టింది. భాషాధ్యయనంలో ఉన్నవారు ఇటువంటి పత్రాలను సాహిత్యేతరమని పక్కన పెట్టడం మనకు అలవాటు. ఈ విషయంలో ఆ అలవాటుకు మూల్యం చెల్లించినవాడు వేరొకడు.

2. గొడవ, దెబ్బలాట, ఘర్షణ

దుకాణంలో జరిగే దాడిని చెప్పడానికి తెలుగులో ముందుగా నోటికి వచ్చే మాటలు గొడవ, తగాదా, దెబ్బలాట, తోపులాట, ఘర్షణ, వాగ్వాదం. ఇవన్నీ పరస్పరార్థకాలు. ఇద్దరు లేనిదే గొడవ లేదు, ఇద్దరూ చేయి చేసుకోనిదే దెబ్బలాట లేదు. కాబట్టి ఈ మాట వాడిన క్షణంలోనే తప్పు రెండు వాటాలవుతుంది. ‘దాడి’కి ఆ గుణం లేదు. దండెత్తి వెళ్లడమనే పాత అర్థం దానికి ఉండడం వల్ల కాబోలు, దానిలో ఒక వైపు నుండే కదలిక ఉంటుంది. అయితే ‘దాడి’ని మనం పెద్ద సంఘటనకు దాచుకుంటాం. కొట్టు కుర్రాడి మీద తూకం రాయి పడితే అది ‘చిన్న గొడవ’.

రెండవ చిక్కు క్రియలో ఉంది. ‘అతడు నన్ను కొట్టాడు’ సకర్మకం. కర్త ఉన్నాడు, కర్మ ఉంది. ‘నాకు దెబ్బ తగిలింది’ అకర్మకం. గాయపడినవాడు చతుర్థీ విభక్తిలో అనుభవించేవాడుగా మిగిలిపోతాడు, దెబ్బే కర్త అవుతుంది. గుమ్మం తగిలినా దెబ్బ తగిలిందనే అంటాం, మనిషి కొట్టినా అదే అంటాం. వినయం కొద్దీ, భయం కొద్దీ మన ప్రాంతంలో ఈ రెండవ వాక్యానికే మొగ్గు ఎక్కువ. (దుకాణాన్ని ‘కొట్టు’ అనే మన గోదావరి సీమలోనే ‘కొట్టు’ అనే క్రియను ఇంతగా దాచవలసి రావడం యాదృచ్ఛికమే గానీ, తరగతిలో విద్యార్థులకు చెప్పినప్పుడు నవ్వు రాకమానదు.)

పత్రికా వాక్యంలో ఈ రెంటికీ జతగా మరొక సూత్రరూపం స్థిరపడింది: ‘మాటామాటా పెరిగి’. మాటలు వాటంతటవే పెరుగుతాయి, ఎవరు పెంచారన్నది ఉండదు. 2023 మార్చిలో హైదరాబాద్ శివారు నార్సింగి పరిధిలోని జన్వాడ పెట్రోలు బంకులో, కార్డుతో డబ్బు చెల్లించే విషయమై మొదలైన వివాదం ఒక కార్మికుని హత్యతో ముగిసింది. కొట్టినవారు వినియోగదారులు. కార్డు తీసుకోవాలా, బంకు మూసే వేళయిందా అన్నవి ఆ కార్మికుని సొంత వ్యవహారాలు కావు, యజమాని పెట్టిన నియమాలు. అదే ఏడాది నవంబరులో విశాఖపట్నం మధురవాడలో, దుకాణం మూసే వేళ దాటిందని మద్యం ఇవ్వనందుకు ఒక వ్యక్తి మద్యం దుకాణంలో పెట్రోలు పోసి నిప్పంటించాడు. సిబ్బంది బయటికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. అప్పటికి రాష్ట్రంలో మద్యం చిల్లర అమ్మకం ప్రభుత్వ దుకాణాలదే. 2019 అక్టోబరు నుండి అమలైన ఆ విధానం 2024 అక్టోబరులో మారింది. వేళ నిర్ణయించింది ప్రభుత్వం, ‘లేదు’ అని ముఖం మీద చెప్పవలసి వచ్చింది మాత్రం కౌంటర్ వెనుక మనిషి. ‘మాటామాటా పెరిగి’ అన్న చోట ఈ సంగతి మొత్తం జారిపోతుంది. యజమాని తరఫున చెప్పిన మాట చెప్పినవాడి సొంత మాటగా మారిపోతుంది.

3. వార్తలో ఉద్యోగం ఎక్కడ ఉంది?

కోనసీమలో విదేశంలో మనిషి లేని వీధిని వెదకడం కష్టం. అందుచేత ఈ విషయంలో ఇక్కడి ఇళ్లను ఎక్కువగా కలవరపెట్టే వార్తలు అమెరికా నుండి వస్తాయి. 2023 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఏలూరుకు చెందిన యువకుడు, 2024 జూన్‌లో టెక్సస్ రాష్ట్రం డాలస్‌లో బాపట్ల జిల్లాకు చెందిన యువకుడు, అదే ఏడాది నవంబరులో షికాగోలో ఖమ్మం జిల్లాకు చెందిన యువకుడు, 2025 అక్టోబరులో డాలస్ ప్రాంతంలో హైదరాబాద్‌కు చెందిన యువకుడు పెట్రోలు బంకులలో, చిల్లర దుకాణాలలో కాల్పులకు గురై మరణించారు.

ఈ తరహా వార్తలకు తెలుగులో ఒక స్థిరమైన అచ్చు ఉంది. శీర్షికలో ‘దుండగుల కాల్పుల్లో’ అన్న సప్తమ్యంతం, ‘తెలుగు విద్యార్థి’ లేక ‘తెలుగు యువకుడు’ అన్న నామం, చివర ‘మృతి’. వరదల్లో మృతి, ఎండదెబ్బకు మృతి, కాల్పుల్లో మృతి. మూడూ ఒకే తూకం. ‘హత్య’ అనే మాట శీర్షికకు అరుదుగా ఎక్కుతుంది. లోపలి వాక్యం ‘ఉన్నత చదువుల కోసం వెళ్లి’ అనే క్త్వార్థకంతో మొదలై, ‘పార్ట్‌టైమ్‌గా పని చేస్తూ’ అనే శత్రర్థకం మీదుగా సాగి, మరణం దగ్గర సమాపకమవుతుంది. అతడు ఆ క్షణంలో చేస్తున్న పని, అంటే గల్లాపెట్టె తెరవడం, డబ్బు తీసుకోవడం, రాత్రివేళ ఒంటరిగా నిలబడడం, ప్రధానక్రియ కాలేదు. అది పక్కన నడిచే అసమాపక క్రియ మాత్రమే. శత్రర్థకం ఏకకాలికతను చెబుతుంది, హేతువును చెప్పదు. ‘పాట పాడుతూ పడిపోయాడు’ అంటే పాట వల్ల పడ్డాడని కాదు గదా.

విలేకరులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ‘విద్యార్థి’ అన్న మాటకు కుటుంబాల వైపు నుండి కూడా బలమైన కారణం ఉంది. అమెరికా ఎఫ్-1 వీసా నిబంధనల ప్రకారం చదువు సాగే కాలంలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే, వారానికి 20 గంటలకు మించకుండా, పని చేయవచ్చు. బయటి పనికి విడిగా అనుమతి కావాలి. అది కూడా సాధారణంగా చదివే శాస్త్రానికి సంబంధించినదై ఉండాలి. బంకులో రాత్రి పని ఆ కోవలోకి రావడం కష్టం. కాబట్టి ‘పని’ అన్న మాటను గట్టిగా పలకడానికి జంకు. తోటి విద్యార్థులకు చిక్కు వస్తుందేమోనని మౌనం. ఆ మౌనంలో ఒక హక్కు కూడా మునిగిపోతున్నదని తెలిసినవారు తక్కువ. ఇల్లినాయ్, ఒహాయో రాష్ట్రాల కార్మిక నష్టపరిహార చట్టాలు ‘ఉద్యోగి’ని నిర్వచించేటప్పుడు విదేశీయులను కూడా పేరెత్తి చేర్చాయి. వీసా నియమం ఉల్లంఘన అయితే కావచ్చు, గాయానికి యజమాని బాధ్యత దానితోనే చెరిగిపోదు.

2024 జూన్ ఘటన విషయంలో మరొకటి గమనించాలి. తొలి వార్తలు ఆ యువకుని మరణాన్ని ఆర్కాన్సా రాష్ట్రం ఫోర్డైస్ పట్టణంలో ఒక కిరాణా దుకాణం వద్ద జరిగిన సామూహిక కాల్పులతో ముడిపెట్టాయి. అది డాలస్ నగరంలోని ప్లెజెంట్ గ్రోవ్‌లో దోపిడీ సందర్భంగా జరిగిన వేరే ఘటన అని హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ తరువాత స్పష్టం చేసింది. పాఠకునికి ఇది ఊరి పేరు మారడం మాత్రమే. న్యాయపరంగా ఇది రాష్ట్రం మారడం. ఆర్కాన్సాలో ముగ్గురు లేక అంతకుమించి ఉద్యోగులున్న యజమాని సాధారణంగా నష్టపరిహార బీమా చేసి తీరాలి. టెక్సస్‌లో ప్రైవేటు యజమానికి ఆ నిర్బంధం లేదు. బీమా తీసుకోని యజమానిపై మృతుని కుటుంబం నిర్లక్ష్యానికి దావా వేయవచ్చు. ఆ దావాలో ‘కార్మికుని అజాగ్రత్త కూడా ఉంది’ అనే వాదం ఆ యజమానికి చెల్లదు. అంటే ఒక రాష్ట్రంలో దరఖాస్తు, మరొక రాష్ట్రంలో వ్యాజ్యం. మన వార్తల్లో ఆ కుటుంబాలకు మిగిలేది మృతదేహం స్వదేశానికి ఎప్పుడు చేరుతుందన్న సమాచారం, తానా వంటి సంఘాల సాయం, విరాళాల సేకరణ. అవి అక్కరలేదని అనను. విరాళం దయ, పరిహారం బాకీ.

4. ‘ప్రమాదం’లోకి హత్య ఎలా వచ్చింది?

నష్టపరిహార న్యాయానికి మూలవాక్యం ఒకటే. 1923 నాటి మన చట్టంలోనూ, దానికి మాతృక అయిన బ్రిటిష్ చట్టంలోనూ అదే కనిపిస్తుంది: ఉద్యోగం వల్ల, ఉద్యోగకాలంలో సంభవించిన ప్రమాదంలో గాయపడితే యజమాని పరిహారం చెల్లించాలి. తెలుగు వ్యాకరణంతో చెప్పుకొంటే ‘పని చేస్తూ’ అన్న శత్రర్థకం ఒక షరతు, ‘పని వల్ల’ అన్న పంచమి మరొక షరతు. రెండూ నెరవేరాలి. (1923 చట్టం పేరులో ‘పనివాడు’ పోయి ‘ఉద్యోగి’ వచ్చింది 2010లోనే.)

ఇక్కడ మూడవ చిక్కు ‘ప్రమాదం’. సంస్కృతంలో దానికి ఏమరుపాటు, అజాగ్రత్త అన్నవి ముఖ్యార్థాలు. తెలుగులో అది ఆపదకూ ఆకస్మిక ఘటనకూ పేరైనా, ‘ఎవరో ఏమరారు’ అన్న ఛాయ వదలలేదు. కావాలని ఒకడు కొట్టి చంపితే దాన్ని ప్రమాదమంటారా? తెలుగు చెవికి ఈ ప్రశ్న సహజమైనదే. ఇంగ్లండు న్యాయస్థానాలకూ ఒకప్పుడు ఇదే సందేహం వచ్చింది.

1910లో ఉత్తర ఇంగ్లండులో ఒక బొగ్గుగనుల సంస్థ గుమాస్తా కార్మికుల జీతాల డబ్బు సంచితో రైలులో వెళ్తుండగా దోపిడీదారు చేతిలో హతుడయ్యాడు. నిస్బెట్ వర్సెస్ రేన్ అండ్ బర్న్ పేరుతో ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో అప్పీలు న్యాయస్థానం దాన్ని ప్రమాదమేనని నిర్ణయించింది. హంతకుని వైపు నుండి చూస్తే అది ఉద్దేశపూర్వకం. చనిపోయినవాని వైపు నుండి చూస్తే ఎదురుచూడని ఉపద్రవం. పైగా డబ్బు మోయడమే ఆ ఉద్యోగం గనుక ఆ ముప్పు ఉద్యోగంతో పాటు వచ్చినదే. నాలుగేళ్ల తరువాత, 1914లో, ఐర్లండులోని ట్రిమ్‌లో విద్యార్థులు కుట్రపన్ని కొట్టి చంపిన ఉపాధ్యాయుని విషయంలో హౌస్ ఆఫ్ లార్డ్స్ మెజారిటీ తీర్పుతో అదే దారి పట్టింది. చూపు ఎవరి వైపు నుండి అన్నదే ఈ రెండు తీర్పుల కీలకం. కథనశాస్త్రం చదివినవారికి ‘దృష్టికోణం’ అన్న మాట కొత్త కాదు. దాని మీద ఒక వితంతువు బతుకుతెరువు ఆధారపడిన సందర్భం ఇది.

మన సుప్రీంకోర్టు 2000లో రీటా దేవి వర్సెస్ న్యూ ఇండియా అస్యూరెన్స్ కంపెనీ తీర్పులో ఈ రెంటినీ ఉదాహరించింది. నాగాలాండులోని దిమాపూర్‌లో 1995లో ప్రయాణికుల వేషంలో ఎక్కినవారు ఆటో డ్రైవరును చంపి ఆటో ఎత్తుకుపోయారు. కోర్టు రెండు రకాల హత్యలను వేరుచేసింది. ఒక వ్యక్తిని చంపడమే ప్రధానోద్దేశమైతే అది కేవలం హత్య. అసలు ఉద్దేశం మరొక నేరమై, ఆ నేరం చేసే క్రమంలో హత్య జరిగితే అది ప్రమాదవశాత్తు జరిగిన హత్య. ఆటో దొంగిలించడమే ఉద్దేశం గనుక రెండవ తరగతిలో చేరింది. మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన ఆ వ్యాజ్యంలో ‘ప్రమాదం’ అన్న మాటను కార్మిక నష్టపరిహార న్యాయం వెలుగులోనే వ్యాఖ్యానించారు.

దోపిడీకి ఈ సూత్రం సూటిగా వర్తిస్తుంది. గల్లాపెట్టె కోసం వచ్చినవాడికి దాని ముందున్న మనిషి పేరుతో పనిలేదు. జన్వాడ వంటి ఘటనలో చిక్కు ఎక్కువ. అక్కడ దొంగతనం లేదు, కోపం ఉంది. ఆ కోపం వ్యక్తి మీదా, అతడు నిర్వర్తిస్తున్న విధి మీదా అన్న ప్రశ్న తప్పదు. నా అభిప్రాయంలో దానికి సమాధానం వివాద విషయంలో ఉంది. కార్డు చెల్లింపు, మూసే వేళ, పాతబాకీ వ్యాపార విషయాలే. వాటి మీద లేచిన చేయి విధి మీద లేచినదే. అయితే ఈ వాదం నిలబడాలంటే తొలి ఫిర్యాదులో, తొలి వార్తలో వివాద విషయం స్పష్టంగా ఉండాలి. ‘మాటామాటా పెరిగి’ అన్నది రికార్డులోకి ఎక్కితే, యజమాని తరఫు న్యాయవాదికి అదే చాలు. షికాగో ఘటనలో ఆ యువకుడు అప్పుడు డ్యూటీలో లేడనీ, స్నేహితుడు అడిగినందుకు సాయంగా ఆగాడనీ నాటి వార్తలు చెప్పాయి. మనం అతని మంచితనానికి గుర్తుగా చదివిన ఆ వాక్యాన్నే న్యాయస్థానం ‘ఉద్యోగకాలం’ అన్న షరతు దగ్గర ఆగి చదువుతుంది.

5. చట్టం పరిధి, కొట్టు పరిమాణం

1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 51ఎ సెక్షనులో కార్మికునికి అనుకూలమైన ఒక ఊహ ఉంది. ఉద్యోగకాలంలో జరిగిన ప్రమాదం, విరుద్ధమైన సాక్ష్యం లేనప్పుడు, ఉద్యోగం వల్ల జరిగినట్లే భావించాలి. అంటే ‘చేస్తూ’ నిరూపిస్తే ‘వల్ల’ దానంతటదే వస్తుంది. అయితే ఇది బీమాలో చేరిన ఉద్యోగులకే. 1923, 1948 చట్టాలను కలుపుకొన్న సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. దానిలోనూ ఈఎస్‌ఐ వర్తింపుకు సాధారణంగా పదిమంది ఉద్యోగులుండాలి. అంతకు తక్కువైతే యజమానీ, ఉద్యోగులలో అధికసంఖ్యాకులూ ఒప్పుకొని చేరవచ్చు. ఐనవిల్లి విఘ్నేశ్వరుని గుడివీధిలో కొబ్బరికాయలు, పూజాసామగ్రి అమ్మే దుకాణాల నుండి ముక్తేశ్వరం రేవు వైపు కిరాణా కొట్ల వరకు ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచేవే ఎక్కువ. కాబట్టి ‘చేస్తూ’ చాలని చోట, ‘వల్ల’ను తామే నిరూపించుకోవలసినవారు సరిగ్గా ఈ చిన్న కొట్లవారే.

పోయేది ఎంత? 1923 చట్టం లెక్క ప్రకారం మరణానికి నెలజీతంలో సగాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరి నుండి లెక్కలోకి తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. 25 ఏళ్ల వయస్సుకు గుణకం 216.91. ఆ జీతంపై పరిహారం 16,26,825 రూపాయలు. వార్తలో కనిపించని ఒక పంచమీ విభక్తి విలువ ఇంత.

వైద్యులపై, వైద్యసిబ్బందిపై దాడులకు ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుండి ప్రత్యేక చట్టం ఉంది. దుకాణ కార్మికులకు అటువంటిది లేదు. స్కాట్లండులో 2021 నాటి చట్టం దుకాణ కార్మికునిపై దాడిని, బెదిరింపును ప్రత్యేక నేరంగా గుర్తించింది. వయస్సు ధ్రువీకరణ అడిగినందుకు జరిగే దాడిని అది మరింత తీవ్రంగా పరిగణిస్తుంది. మధురవాడ ఘటన గుర్తున్నవారికి ఆ ఆలోచన అర్థమవుతుంది. చట్టం విధించిన ‘లేదు’ను పలికినందుకు దెబ్బ తిన్నవానికి చట్టమే అండగా ఉండాలన్నది దాని సారం. న్యూయార్క్ రాష్ట్రం 2025 జూన్ నుండి పదిమందికి తక్కువ కాని చిల్లర వర్తక సంస్థలకు హింసానివారణ విధానం, శిక్షణ తప్పనిసరి చేసింది. వీటికన్నా ముందు, 1980ల చివరలో, ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ నగరం రాత్రిపూట తెరిచే చిల్లర దుకాణాలలో ఇద్దరు గుమాస్తాలుండాలనీ, గల్లాపెట్టె వీధిలోకి కనబడాలనీ, పెట్టెలో ఎక్కువ నగదు ఉంచరాదనీ నియమం చేసింది. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కిటికీ నిండా పోస్టర్లు అంటించి కౌంటర్‌ను వీధికి కనబడకుండా చేసే అలవాటు మాత్రం మన దగ్గరా ఉంది.

6. మళ్లీ అర్జీ

ఈ పరిశీలన తరువాత అదే ఘటనకు వేరొక వాక్యం రాసి చూశాను: “నేను దుకాణంలో పని చేస్తూ, యజమాని ఆదేశం ప్రకారం దుకాణమునకు రావలసిన పాతబాకీ అడిగినందువల్ల, సదరు ఖాతాదారు తూకం రాయి విసిరి నన్ను కొట్టినాడు. దానివల్ల నా కుడిచేతి చూపుడువేలు విరిగినది.” శత్రర్థకం ఉంది, ‘అందువల్ల’ ఉంది, ‘యజమాని ఆదేశం’ ఉంది. కొట్టినవాడు కర్తస్థానంలో ఉన్నాడు. ‘గొడవ’ లేదు. మొదటి వాక్యంలో లేని కొత్త సంగతి ఇందులో ఏదీ లేదు. అన్నీ అతడు ఆనాడే నోటితో చెప్పినవి. వాటిని వదిలి అర్జీభాషకు అలవాటైన అచ్చులో పోసింది నేను.

కాగితం తీసుకెళ్లి అతనికి చదివి వినిపించాను. వేలు అతుక్కుంది గానీ పూర్తిగా ముడవడం లేదు, పొట్లం కట్టేటప్పుడు దారాన్ని మధ్యవేలితో లాగుతున్నాడు. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. ‘యజమాని ఆదేశం ప్రకారం’ అన్న చోట ఒకసారి లోపలి గది వైపు చూశాడు.

“అంతా నిజమేనండి మేష్టారూ,” అన్నాడు. “కొట్టినాడు అన్న మాట ఒక్కటి తీసెయ్యండి. ఎల్లుండి మళ్లీ సరుక్కి రావలసిన మనిషేగదండీ.”